మూడో రోజు బరువు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో తొలి కాన్పంటే తల్లిగారింట్లోనే. సర్కారు దవాఖానలో మామూలు కాన్పయితే రెండు రోజులు గడిచాక ఇంటికి పంపుతారు. రొమ్ములు రాయిలా బిగుసుకుని, రవిక తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి మొదలయ్యేది సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల మధ్య, నర్సు పక్కన లేనప్పుడు. పెద్దవాళ్లు ప్రేమకొద్దీ రెండు మాటలు చెబుతారు: గట్టిగా పిండెయ్యమని, లేదా నొప్పి తగ్గేదాకా బిడ్డకు పట్టొద్దని. రెండూ చేటే.

ఆ గట్టిదనమంతా పాలు కాదు. మాయ బయటపడ్డాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోయి పాల తయారీ జోరందుకుంటుంది. రొమ్ముకు రక్తం ఎక్కువగా చేరి, కణజాలంలో నీరు ఊరుతుంది. ఆ వాపే సన్నని పాలనాళాలను నొక్కేస్తుంది. పిండితే వాపు ఇంకా పెరుగుతుంది. అందుకే 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ గట్టి మర్దన, అదేపనిగా పంపుతో తోడడం వద్దంది. చల్లటి తడిగుడ్డ, డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర, బిడ్డ అడిగినప్పుడల్లా పాలు చాలు.

బిగుసుకున్న రొమ్ము బిడ్డ నోటికి అందదు. చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం మీద వేళ్ల కొనలు ఆనించి, ఛాతీ వైపు మెల్లగా ఒక నిమిషం నొక్కి ఉంచితే అక్కడి నీరు వెనక్కి జరిగి ఆ చోటు మెత్తబడుతుంది. అప్పుడు బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, గడ్డం రొమ్ముకు ఆనేలా పట్టాలి. మొన ఒక్కటే నోట్లోకి పోతే పగులుతుంది. ఆ పగుళ్లకు ముందుగా సరిచేయాల్సింది బిడ్డ పట్టుకునే తీరునే.

పాలు మాన్పడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టే అలవాటు దక్షిణాదిలో పాతదే. 1988లో వేలూరు వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో మల్లెలు పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను తగ్గించాయి. కనుక పాలివ్వాలనుకునే తల్లి వాపు కోసం వాటిని కట్టుకోకూడదు.

రొమ్ము ఒకచోట ఎర్రబడి చలిజ్వరం వచ్చి, ఒక రోజులో తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. సూక్ష్మజీవుల వల్ల వచ్చిన వాపైతే యాంటీబయాటిక్ ఇస్తారు. నెలలు నిండి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ పాలు పట్టడం ఆపనక్కర్లేదు. చీముగడ్డ కట్టిందేమో స్కానింగ్‌లో తెలుస్తుంది. చాలాసార్లు సూదితోనే చీము తీసేస్తారు.

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలన్నది నియమం. మూడో రోజు తూకం, జ్వరం చూశాక ఆమె వెంటనే లేవకుండా, బిడ్డ పాలు తాగడం మొదలుపెట్టి వదిలేదాకా తల్లి పక్కనే కూర్చోవాలని నా కోరిక.