సరుకు క్రింది చెక్క

దుకాణాల వెనుక గోడకు చేరవేసి, వానకు తడిసి ఎండకు ఆరి, ఎవరికీ పట్టనట్లు పడివుండే చెక్క చట్రాలను మీరు చూచే ఉంటారు. మూడు దూలాల మీద పలకలను అడ్డంగా పరచి మేకులు దిగగొట్టి, సరుకులెత్తే బండి ఇనుపకొమ్ములు దూరటానికి అడుగున సందు విడిచిన ఆ చట్రాన్ని వ్యాపారులు ప్యాలెట్టు అంటారు. నేలకు పరిచే టైల్సు, నీళ్ళ మోటార్లు, అచ్చుకాగితం దాని మీదనే ఎక్కివస్తవి. సరుకు దిగగానే దానితో పని తీరిపోతుంది. వడ్రంగం మీద కొద్దిపాటి మక్కువ ఉన్నవారికి అది కంటబడితే చెయ్యి ఊరకుండదు. డబ్బు పెట్టనక్కరలేని చెక్క! దానితో ఒక పొట్టి బల్లో, చెప్పుల అరో, పెరటిలో పూలమొక్కలకు తొట్టో చేసుకొనవచ్చును గదా అనిపిస్తుంది.

చేసుకొనవచ్చును. నేను చేసుకొన్నాను కూడ. అయితే ఆ చట్రాన్ని ఇంటికి తెచ్చుకొనే ముందు రెండు సంగతులు తెలియవలెను. అది ఎవరిది? ఇంతకు ముందు ఏమి మోసినది? మొదటి సంగతి నాకు ఒక కాపలాదారు భార్య నేర్పినది. రెండవది చాలవరకు ఆ చెక్క మీదనే వ్రాసి ఉంటుంది. చదవటం తెలిస్తే చాలు.

ఈ చట్రానికి మహా అయితే నూరేళ్ళ వయస్సు. అంతకు ముందు ప్రతి పెట్టెనూ మనిషి ఎత్తేవాడు, మనిషి దించేవాడు. 1931లో అమెరికాలోని ఒక రైల్వే వ్యాపార పత్రిక ఒక లెక్క ప్రకటించినది. డబ్బాలలో నిలవచేసిన ఆహారపదార్థాల పెట్టెలు 13,000 ఉన్న ఒక రైలుపెట్టెను విడివిడిగా దించటానికి మూడు రోజులు పట్టినదట. అన్ని పెట్టెలనే చెక్క చట్రాల మీద పేర్చి తెస్తే నాలుగు గంటలలో దిగినవట. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సేనలు ఈ చట్రాలను సముద్రాలు దాటించినవి. యుద్ధం ముగిసి సేనలు వెళ్ళిపోగా ఆస్ట్రేలియాలో చట్రాలు, ఎత్తుడు బండ్లు అట్లాగే మిగిలిపోయినవి. అక్కడి ప్రభుత్వం వాటిని పోగుచేసి అద్దెకిచ్చే ఏర్పాటు చేసినది. 1958లో బ్రాంబుల్స్ అనే సంస్థ దానిని కొన్నది. చెప్ అనే పేరుతో నీలిరంగు పూసి నేడు అనేక దేశాలలో తిరుగుతున్న చట్రాలకు మూలం అదే.

ఈ కథ చెప్పటానికి కారణం ఉన్నది. ఆ నీలిరంగు చట్రాలను ఆ సంస్థ ఎవరికీ అమ్మదు, అద్దెకు మాత్రమే ఇస్తుంది. అవి ఏ దుకాణం వెనుక పడి ఉన్నా ఆ దుకాణదారువి కావు. ఆయన తీసుకుపొమ్మన్నా, ఇవ్వటానికి ఆయనకు హక్కు లేదు. ఐరోపాలో మరొక పద్ధతి. 1961 నుండి అక్కడి రైల్వేలు ఒకే కొలత చట్రాన్ని ఒకరికొకరు మార్చుకొనే ఏర్పాటు చేసుకొన్నవి. 1200 మిల్లీమీటర్ల పొడవు, 800 మిల్లీమీటర్ల వెడల్పు, 78 మేకులు, దిమ్మల మీద కోడిగ్రుడ్డు ఆకారపు ముద్ర: ఇది దాని గుర్తు. దాని విలువ అక్కడ రొక్కంతో సమానం. కనుక రంగు పూసినది, సంస్థ పేరు కాల్చి ముద్రవేసినది కనబడితే అది అనాథ కాదని గ్రహించి విడిచిపెట్టండి.

రంగూ పేరూ లేని మామూలు చెక్క చట్రాల సంగతి వేరు. కాని వాటికోసం పెద్ద కర్మాగారాల ద్వారాల వద్ద నిలబడటం దండుగ. అటువంటి చోట్ల పాత చెక్కను, ఇనుమును ఏడాదికింతని గుత్తకిచ్చే ఆచారం ఉన్నది. గుత్తదారు వాటిని బాగుచేసి మళ్ళీ అమ్ముకొంటాడు. బయటకు రెండు చట్రాలు వదలాలంటే అధికారి సంతకం, ద్వారం దాటటానికి చీటీ కావలెను. మీకు అక్కరకు వచ్చేవి చిన్న వ్యాపారాలు. నెలకు నాలుగైదు చట్రాలు మాత్రమే వచ్చేచోట గుత్తదారు రాడు. అవి దారికి అడ్డమై యజమానిని విసిగిస్తుంటవి. టైల్సు, స్నానపుగది సామాను అమ్మేవారు, మోటార్లు, జెనరేటర్లు అమ్మేవారు, చిన్న అచ్చుకూటాలు: వీరిని అడగండి. హైదరాబాదులో జీడిమెట్ల, పటాన్‌చెరు వైపున, విజయవాడ ఆటోనగర్‌లో ఇటువంటి చిన్న సంస్థలు వీధి వీధికీ ఉన్నవి. బేరం రద్దీ లేని ఉదయం పూట వెళ్ళి, కాపలాదారును గాక యజమానిని అడగవలెను. ఇస్తానన్న రోజున, ఇస్తానన్న వేళకు బండితో వెళ్ళవలెను. విరిగినవి ఇచ్చినా పుచ్చుకొనవలెను. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడిన సామెతగా, మంచివే కావాలని ఏరితే మరుసటిసారి తలుపు తెరుచుకోదు.

నేను మొదటిసారి ఇట్లాగే ఒక టైల్సు దుకాణం యజమానిని అడిగాను. ఆయన సంతోషంగా, గోదాము వెనుక ఆరు ఉన్నవి, అన్నీ తీసుకువెళ్ళమన్నాడు. ట్రాలీ ఆటో మాట్లాడుకొని వెళ్ళేసరికి గోదాము కాపలాదారు భార్య వాటిలో ఒకదానిని గొడ్డలితో చీలుస్తున్నది. ప్రక్కనే మూడు రాళ్ళ పొయ్యి. నన్ను, నా వెనుక ఆటోను చూచి గొడ్డలి ప్రక్కన పెట్టినది.

“అయ్యగారు చెప్పారు బాబూ, తీసుకుపోండి. ఇవి ఉన్నన్నాళ్ళూ కట్టెలు కొనే పని లేకపోయె, అంతే,” అన్నది.

యజమాని దృష్టిలో అది చెత్త. నా దృష్టిలో ఊరికే వచ్చిన కలప. ఆమెకు అది నెలకు సరిపడే వంటచెరకు. చట్టప్రకారం అది నాకు దక్కినదే. అయినా ఆరింటినీ ఆటోలో వేసుకొని రావటానికి మనస్సు ఒప్పలేదు. మంచి పలకలున్నవి రెండు తీసుకొని, నాలుగు అక్కడే విడిచి, గ్యాసు ధర సగం నెలకే అయిపోతున్నదన్న ఆమె మాట వింటూ కొంతసేపు నిలబడ్డాను. పెద్దరికం కొద్దీ ఒక సలహా కూడ పారవేశాను: “రంగు వేసినవి, నూనె మరకలున్నవి పొయ్యిలో పెట్టకమ్మా, ఆ పొగ మంచిది కాదు.” ఆమె నవ్వినది. “వాసన కొట్టేదాన్ని నేను ముందే అవతల పారేస్తాను బాబూ. అన్నానికి ఆ కంపే పడుతుంది,” అన్నది. నాలుగు పుస్తకాలు తిరగవేసి నేను తెలుసుకొన్న సంగతి ఆమె ముక్కుకు ఎప్పుడో తెలుసు.

ఇక చెక్క మీది వ్రాత. దేశం నుండి దేశానికి పోయే చట్రాలకు ప్రక్కదూలం మీదనో, దిమ్మ మీదనో కాల్చిగాని, సిరాతోగాని వేసిన ముద్ర ఉంటుంది. ఎడమవైపున గోధుమ కంకి వంటి బొమ్మ, దానితో ఐ.పి.పి.సి. అన్న ఆంగ్లాక్షరాలు. కుడివైపున దేశాన్ని తెలిపే రెండక్షరాలు: మన దేశానికి ఐ.ఎన్., చైనాకు సి.ఎన్., జర్మనీకి డి.ఇ. తరువాత దానిని శుద్ధిచేసిన సంస్థకు ఇచ్చిన సంఖ్య. చివరగా మనకు కావలసిన రెండక్షరాలు. హెచ్.టి. అని ఉంటే, చెక్క నడిమి భాగం దాకా 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఎక్కి 30 నిమిషాలు ఎడతెగక నిలిచినదని అర్థం. డి.హెచ్. అన్నా వేడియే, విద్యుత్తరంగాలతో పుట్టించినది. ఈ రెండూ ఇంటికి తెచ్చుకొనదగినవి. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువును పట్టించారని అర్థం. దానిని విడిచిపెట్టండి.

ఈ ముద్ర మనుష్యుల ఆరోగ్యం కొరకు పుట్టినది కాదు, చెట్ల ఆరోగ్యం కొరకు పుట్టినది. 1996లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో మేపుల్ చెట్లు లోపల తొలిచివేసినట్లయి కనబడినవి. పొడవైన మీసాలు గల ఒక పెంకుపురుగు పిల్లలు చేసిన పని అది. ఆ పురుగు ఆసియాది. సరుకుల వెంట వచ్చిన పచ్చిచెక్కలో దాగి సముద్రం దాటినది. 1998లో చికాగోలోనూ బయటపడినది. దానిని అరికట్టటానికి వేలకొద్దీ చెట్లు కొట్టివేయవలసి వచ్చినది. ఇటువంటి అనుభవాల మీదట 2002లో దేశాలన్నీ కలిసి, సరిహద్దు దాటే చెక్కను శుద్ధిచేసి ముద్రవేయాలని ఒక ప్రమాణాన్ని అంగీకరించినవి. 2003 నాటి ఉత్తర్వు ప్రకారం మన దేశం కూడ విదేశాల నుండి వచ్చే చెక్క సామగ్రికి ఈ నియమం పెట్టినది.

మిథైల్ బ్రోమైడ్ భూమికి కవచమైన ఓజోను పొరను పాడుచేస్తుందని తేలినందున మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం ఇతర ఉపయోగాలకు దానిని ఆపివేశారు. చీడలను అరికట్టేందుకు సరుకులకు పట్టించటానికి మాత్రం మినహాయింపు మిగిలినది. ఐరోపా సమాఖ్య 2010లో దానిని పూర్తిగా నిషేధించినది. అది వాయువు గనుక చెక్క నుండి చాలవరకు వెళ్ళిపోతుంది, అంత భయం అక్కరలేదనే వారున్నారు. కావచ్చును. కాని చెక్క ఊరికే వస్తున్నప్పుడు ఆ పందెం కాయవలసిన అవసరమేమిటి? హెచ్.టి. ముద్రగలది మరొకటి రేపు దొరుకుతుంది.

ముద్ర చెప్పేది చెక్కకు చేసిన శుద్ధి గురించి మాత్రమే. ఆ తరువాత దాని మీద ఏమి ఒలికినదో అది చెప్పదు. పురుగుమందులు, ఎరువులు, రసాయనాలు, రంగులు అమ్మేవారి వద్ద నుండి ఎంత చక్కని చట్రమైనా తేవద్దు. మరకలు ఉన్నదానిని, చేపలో మాంసమో మోసినదానిని తేవద్దు. తక్కినవాటికి ఆ తల్లి పద్ధతియే పద్ధతి: వాసన చూడండి. ఇది చాదస్తం కాదు. 2010 జనవరిలో అమెరికాలో టైలినాల్ మొదలైన మందులను విపణి నుండి వెనుకకు రప్పించారు. సీసాలు తెరవగానే ముక్కిన వాసన వస్తున్నదని జనం ఫిర్యాదు చేశారు, కొందరికి కడుపులో త్రిప్పినది. ఆరా తీయగా, సామగ్రిని మోసిన చెక్క చట్రాలకు పూసిన ఒక రసాయనం మారి ఆ వాసనకు కారణమైనదని తేలినది. మూత బిగించిన సీసాలోనికే ప్రవేశించగలిగినది మన గదిలోని గాలిలోనికి రాదా?

మన దేశంలోనే తయారై దేశంలోనే తిరిగే చట్రాలకు ముద్ర ఉండదు. ముద్ర లేనంత మాత్రాన చెడ్డది కాదు. సరుకేదో తెలుసుకొని, కళ్ళతో, ముక్కుతో పరీక్షించి తీసుకొనవలెను. నీలగిరి, రబ్బరు చెట్ల కలప వీటిలో కనబడుతుంది. రబ్బరు కలపకు పుచ్చు తొందరగా పడుతుంది. సూదిబెజ్జాలు, వాటి క్రింద మెత్తని పిండి కనబడితే ఆ చెక్కను గడప దాటనివ్వకండి, ఇంటిలోని కలప సామానుకు అంటుకొంటుంది. హెచ్.టి. ముద్ర ఉన్నా ఈ జాగ్రత్త తప్పదు. వేడి అప్పుడున్న పురుగును చంపుతుందే గాని, తరువాత వచ్చేదానిని ఆపదు.

ఇంతా చేసి పసిపిల్లల ఉయ్యాలకు, కూరలు తరిగే పీటకు ఈ చెక్క వాడరాదని నా అభిప్రాయం. వాటికి కలప అడితిలో నాలుగు రూపాయలు పెట్టి కొనండి.

విప్పటంలో అందరూ ఓడిపోతారు. మేకులు మెలిపెట్టినవి, గండ్లు పెట్టినవి గనుక గడ్డపారతో పెకలిస్తే మేకు రాదు, పలక చీలుతుంది. పలకకు దూలానికి మధ్య సందులో ఇనుము కోసే రంపపు రేకును దూర్చి మేకునే కోయటం మేలు. ఓపిక లేకపోతే దూలానికి ఆనుకొని పలకనే కోసివేయండి. 40 అంగుళాల పలక నుండి 17 అంగుళాల ముక్కలు రెండు వస్తవి. చెప్పుల అరకు, చిన్న పీటకు ఆ పొడవు చాలును. పొట్టు అదిమి చేసిన దిమ్మలుంటే వాటితో మీకేమీ ప్రయోజనం లేదు. చిత్రిక పట్టే ముందు ప్రతి పలక మీద అయస్కాంతం త్రిప్పి చూడండి. విరిగి లోపల మిగిలిన మేకుముక్క ఒక్కటి తగిలితే చిత్రిక అంచు పోతుంది. చేతులకు తొడుగులు, కాళ్ళకు గట్టి చెప్పులు, ఉప్పుకాగితం రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ ఉండవలెను. తడిసిన చెక్కను నీడలో పుల్లలు ఎడం పెట్టి పేర్చి రెండు మూడు వారాలు ఆరనిచ్చి పని మొదలుపెట్టండి. లేకపోతే చేసిన బల్ల వేసవిలో వంకర తిరుగుతుంది. నా మొదటి బల్ల తిరిగినది.

పైపూతకు అవిసెనూనె వాడేవారికి ఒక్క మాట. నూనె పూసిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడవేయకండి. ఆ నూనె ఆరుతూ వేడిని పుట్టిస్తుంది. ముద్దలో ఆ వేడి బయటకు పోలేక నిప్పు దానంతట అదే అంటుకొంటుంది. గుడ్డలను విడివిడిగా ఆరుబయట తీగ మీద వేసి, గట్టిపడిన తరువాత పారవేయవలెను.