దెబ్బ తగిలిన వారింటికి పళ్లతోపాటు ఏం తీసుకువెళ్లాలి?

విశాఖలో మనలో ఎందరి ఇళ్లలోనో మగవారు ఓడరేవుకో, ఉక్కు ఫ్యాక్టరీకో, షిప్‌యార్డుకో డ్యూటీకి వెళుతుంటారు. వారితో పనిచేసే ఒకాయనకు దెబ్బ తగిలిందని తెలియగానే పళ్లు పట్టుకుని ఆసుపత్రికి పరుగెడతాం. మంచిదే. కాని ఆ ఇల్లాలికి అంతకంటె పెద్ద సాయం ఒకటుంది. అది కాగితాలు పోగుచేసి పెట్టడం.

పనిలో గాయపడినవారికి పరిహారం ఇమ్మనే చట్టం మన దేశంలో 1923 నాటిది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. పేరు మారినా మూలసూత్రం అదే. పనివల్ల దెబ్బ తగిలి మూడు రోజులకు మించి పని చేయలేకపోతే యజమాని పరిహారం చెల్లించాలి. ఇది దయాధర్మం కాదు, హక్కు. ఈ.ఎస్.ఐ. ఉన్నవారికి మాత్రం ఆ సంస్థే ఇస్తుంది. రెండుచోట్లా రాదు.

"మావారు కంట్రాక్టరు మనిషండీ, మాకేమొస్తుంది?" అని కొందరు ఊరుకుంటారు. ఊరుకోనక్కరలేదు. పని చేయించుకున్న అసలు సంస్థనే అడగవచ్చు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది పోయారు. వారిలో ఎక్కువమంది కంట్రాక్టు సంస్థలవారే. ఆ కుటుంబాలకు కూడా తక్కినవారితో సమానంగా 50 లక్షల రూపాయలు ప్రకటించారు. అయితే అది ఊరంతా చూసిన ప్రమాదం. ఒక్క కళాసీ వేలు నలిగితే ఎవరికి తెలుస్తుంది చెప్పండి? అక్కడ మనమే పూనుకోవాలి.

ఒక లెక్క చూడండి. 40 ఏళ్ల మనిషికి బొటనవేలు పోయింది. నెలజీతం 15 వేలయితే చట్టం లెక్కన సుమారు 4 లక్షల 97 వేలు రావాలి. అదే జీతం 10 వేలని రాస్తే 3 లక్షల 31 వేలకు దిగిపోతుంది. అందుకే జీతం చీటీ, లేదా బ్యాంకు పుస్తకం, ముందుగా వెతికి దాచమనండి. దానితోపాటు గేటు పాసు, ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు ఒక సంచీలో పెట్టించండి. వైద్యానికైన ఖర్చు కూడా యజమానిదే. ప్రమాదం సంగతి కాగితంమీద రాసి యజమానికిచ్చి, నకలుమీద సంతకం తీసుకోవాలి. పక్కన పనిచేసినవారి పేర్లు అప్పుడే రాసుకోవాలి. మీవారు చూసి ఉంటే సాక్ష్యం చెప్పమనండి.

ఇక మూడు జాగ్రత్తలు. ఖాళీ కాగితంమీద వేలిముద్ర వేయవద్దు. "ఇంతటితో సరి" అని రాయించుకున్నా హక్కు పోదు. మనిషి పోతే పరిహారం సొమ్ము అధికారి దగ్గరే జమ కావాలి, చేతికిచ్చింది లెక్కకు రాదు. రెండేళ్లలోగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆమె శ్రీకాకుళంలో పుట్టింటికి వెళ్లి ఉంటున్నా, అక్కడే పెట్టుకోవచ్చు.

కష్టంలో ఉన్న ఇల్లాలికి ఇవన్నీ గుర్తుండవు. పక్కింటి మనకు గుర్తుంటే చాలు.