ముల్లు లేవదు.. నీళ్లు నిలవవు!

పాత డీజిల్ కార్లు ఇచ్చే ముందస్తు హెచ్చరిక ఇదే
* రోజూ నీళ్లు పోస్తూ కాలం గడిపితే ఇంజిన్‌కే ముప్పు
* ఇంటి వద్దే లోపాన్ని గుర్తించవచ్చు

తెనాలి, బాపట్ల, రేపల్లె: ధనుర్మాసపు మంచు తెర వీడకముందే రేపల్లె నుంచి గుంటూరు ఆసుపత్రికి రోగిని తీసుకుని ఓ పాత డీజిల్ కారు బయలుదేరుతుంది. కదిలే ముందు డ్రైవరు బానెట్ ఎత్తి రేడియేటర్‌లో సీసాడు బోరు నీళ్లు పోస్తాడు. నిన్నా పోశాడు. మొన్నా పోశాడు. తెనాలి దాటుతున్నా ఉష్ణోగ్రత చూపే ముల్లు అడుగునే ఉంటుంది. ‘ఇంజిన్ చల్లగా ఉంది, ఇక బెంగ లేదు’ అని ఆయన ధీమా. అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. నీళ్లు రోజూ తగ్గుతుండటం, ముల్లు పైకి లేవకపోవడం రెండూ లోపాలే. పట్టించుకోకుంటే రబ్బరు గొట్టం, క్లిప్పు మార్పిడితో తీరే పని హెడ్ గ్యాస్కెట్ దాకా, అక్కడి నుంచి ఇంజిన్ బోరింగ్ దాకా వెళుతుంది. మూడు పట్టణాల పరిధిలో పాత డీజిల్ కార్లు నడుపుతున్నవారు తెలుసుకోవలసిన విషయాలివి.

తయారీ ఆగినా తిరుగుతూనే..

క్వాలిస్ తయారీ 2005 నాటికే ఆగింది. అంబాసిడర్ 2014లో, ఇండికా 2018లో, సుమో 2019లో నిలిచిపోయాయి. 2020 ఏప్రిల్ నుంచి మారుతి సంస్థ డీజిల్ కార్లకు స్వస్తి పలికింది. అయినా పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, దుగ్గిరాల పసుపు యార్డుకు వెళ్లివచ్చేందుకు పల్లెల్లో చాలామందికి ఈ పాత బండ్లే దిక్కు. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే పరీక్షించి, యోగ్యమని తేలాకే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. అంతటి వయసున్న ఇంజిన్‌లో ముందుగా బలహీనపడే వాటిలో శీతలీకరణ వ్యవస్థ ఒకటి. గొట్టాలు గట్టిపడి చిట్లుతాయి. రేడియేటర్‌లో తుప్పు చేరుతుంది. వాటర్ పంపు సీలు అరుగుతుంది.

ఇంజిన్‌కూ వేడి కావాలి

పెట్రోల్ ఇంజిన్‌లో మాదిరిగా డీజిల్ ఇంజిన్‌లో ఇంధనాన్ని నిప్పురవ్వతో మండించరు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ బలంగా నొక్కుతుంది. పాత తరహా కార్లలో గాలి దాదాపు ఇరవయ్యో వంతుకు కుదించుకుపోతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. చుట్టూ ఉన్న లోహం చల్లగా ఉంటే ఈ వేడిలో కొంత దానికే పోతుంది. ఇంధనం పూర్తిగా కాలక తెల్లని, బూడిద రంగు పొగ వస్తుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగి, కిందనున్న ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలుచబడి రింగులు, బేరింగులు త్వరగా అరుగుతాయి. మైలేజీ పడిపోతుంది. అందుకే ఇంజిన్ నీటి ఉష్ణోగ్రత సుమారు 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకంటే పెరిగినా, తగ్గినా నష్టమే.

ఈ సమతూకాన్ని కాపాడేది థర్మోస్టాట్ వాల్వ్. ఇందులో వేడికి వ్యాకోచించే మైనం ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు వాల్వ్ మూసుకుని నీటిని ఇంజిన్‌లోనే తిప్పుతుంది. నీరు సుమారు 82 నుంచి 88 డిగ్రీలకు చేరాక మైనం ఉబ్బి, వాల్వ్ తెరచుకుంటుంది. అప్పుడే నీరు రేడియేటర్‌లోకి వెళ్లి చల్లబడుతుంది. ఈ వాల్వ్ మూసుకుని పట్టేస్తే ఇంజిన్ ఉడుకుతుంది. తెరచుకుని పట్టేస్తే ఎంతకీ వేడెక్కదు.

ఏది సహజం.. ఏది లోపం?

డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజిన్ కంటే నెమ్మదిగా వేడెక్కడం సహజమే. ఇంటి ముందు స్టార్ట్ చేసి పదిహేను నిమిషాలు వదిలేసినా ముల్లు పెద్దగా కదలదు. ఖాళీగా తిరిగేటప్పుడు అది మండించే ఇంధనమే తక్కువ. అలా ఉంచడం వల్ల డీజిల్ వృథా తప్ప ప్రయోజనం లేదు. అర నిమిషం ఆగి, నెమ్మదిగా కదిలి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు వేగం పెంచకుండా నడపడమే మేలు. మన ప్రాంతంలో శీతాకాలపు ఉదయమైనా ఐదారు కిలోమీటర్లు వెళ్లేసరికి ముల్లు మధ్యకు చేరుకోవాలి. పది, పదిహేను కిలోమీటర్లు దాటినా అడుగునే ఉంటే లోపం ఉన్నట్టే.

ఉదయం స్టార్ట్ కావడానికి మొరాయించి, ఆ తరువాత మామూలుగా వేడెక్కితే అది వేరే సమస్య. హీటర్ ప్లగ్గులను, బ్యాటరీని చూపించుకోవాలి. ఈ తేడా తెలియక థర్మోస్టాట్ మార్చితే డబ్బు దండగ.

ముల్లు లేవకపోవడానికి నాలుగు కారణాలు

* థర్మోస్టాట్ తెరచుకుని పట్టేయడం లేదా అసలు లేకపోవడం. ‘మన ఎండలకు ఇది అక్కర్లేదు’ అంటూ కొందరు మెకానిక్‌లు దీన్ని తీసి పారేస్తుంటారు. పాత కారు కొన్నవారు ముందుగా ఆరా తీయవలసింది ఇదే. రోహిణి కార్తె ఎండల్లోనైనా బయటి గాలి సాధారణంగా 45 డిగ్రీల లోపే. ఇంజిన్‌కు కావలసింది అందుకు దాదాపు రెట్టింపు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తీసేస్తే నీటిలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండా పక్కదారి పడుతుంది. అప్పుడు వేసవిలో ఇంజిన్ మరింత ఉడుకుతుంది.

* రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుండటం. స్విచ్ చెడిపోయినప్పుడు దాన్ని మార్చకుండా ఫ్యాన్‌కు నేరుగా కరెంటు ఇచ్చి వదిలేస్తారు. ఇంజిన్ వేడెక్కే సమయం పెరుగుతుంది.

* మీటరు లేదా సెన్సర్ లోపం. ఇంజిన్ వేడిగానే ఉంటుంది, ముల్లు మాత్రం చూపదు.

* నీరు తక్కువగా ఉండటం. అన్నింటికంటే ప్రమాదకరమైనది ఇదే. సెన్సర్ నీటిలో మునిగి ఉంటేనే సరైన వేడిని చూపుతుంది. నీటి మట్టం పడిపోయి సెన్సర్ గాలిలో తేలితే, లోపల హెడ్ మాడుతున్నా ముల్లు అడుగునే ఉండవచ్చు. అందుకే రోజూ నీళ్లు తగ్గుతున్న బండిలో ముల్లు లేవలేదని సంతోషించకూడదు.

చేతితో ముట్టుకుంటే తెలుస్తుంది

రాత్రంతా నిలిపి ఉంచిన కారును ఉదయం స్టార్ట్ చేయాలి. ఫ్యాన్‌కు, బెల్టుకు చేయి, దుస్తులు తగలకుండా, ఇంజిన్ పైభాగం నుంచి రేడియేటర్‌కు వెళ్లే లావు గొట్టాన్ని మధ్యమధ్య ముట్టి చూడాలి. మొదటి నుంచే గొట్టం కొద్దికొద్దిగా వెచ్చబడుతూ ఉంటే థర్మోస్టాట్ తెరచుకుని ఉన్నట్టు. చాలాసేపు చల్లగా ఉండి, ముల్లు మధ్యకు వచ్చాక ఒక్కసారిగా వేడెక్కితే అది సక్రమంగా పనిచేస్తున్నట్టు. థర్మోస్టాట్ గొట్టం పైభాగంలో కాక కింది భాగంలో అమర్చిన కార్లలో ఈ పరీక్ష పనికిరాదు.

విప్పిన థర్మోస్టాట్‌ను దారంతో కట్టి, గిన్నెలోని నీటిలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టి కూడా పరీక్షించవచ్చు. ఏ ఉష్ణోగ్రతకు తెరచుకోవాలో సాధారణంగా దాని మీదే ముద్రించి ఉంటుంది. చల్లని నీటిలోనే తెరచుకుని ఉన్నా, నీరు మరిగినా తెరచుకోకున్నా మార్చవలసిందే. కొత్త తరహా కామన్ రైల్ డీజిల్ కార్లలోనైతే స్కానర్ పెట్టినప్పుడు పి-0128 అనే కోడ్ వస్తే నీరు తగినంత వేడెక్కడం లేదని అర్థం.

బోరు నీళ్లే శత్రువు

సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీటిలో ఉప్పు ఎక్కువ. ఆ నీరు మరిగి మరిగి రేడియేటర్ సన్నని గొట్టాల్లో సున్నపు పొర కడుతుంది. ఉప్పు అల్యూమినియాన్ని, ఇనుమును తినేస్తుంది. కాలువ నీటిలో ఉప్పు లేకున్నా ఒండ్రు ఉంటుంది. అది రేడియేటర్ అడుగున పేరుకుంటుంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు నిత్యం తిరిగే బండ్లకు ఉప్పు గాలి తోడై రేడియేటర్ పైరేకులు పొడిపొడిగా రాలిపోతాయి.

‘ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. గడ్డకట్టకుండా ఉంచడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పును అడ్డుకునే రసాయనాలు అందులో ఉంటాయి. నీరు మరిగే స్థాయిని కూడా పెంచుతుంది. రేడియేటర్ మూతకూ ఇందులో పాత్ర ఉంది. మూత బిగుతుగా ఉండి లోపలి పీడనం బయటి కంటే ఒక బార్ పెరిగితే మామూలు నీరు సైతం 120 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు చెడితే 100 డిగ్రీలకే మరిగి పొంగిపోతుంది. నీళ్లు తగ్గుతున్నప్పుడు ముందుగా మార్చి చూడవలసిన చవకైన వస్తువు ఈ మూతే.

ఎక్కడ కారుతోంది?

రాత్రి కారు కింద తెల్లని అట్ట పరిచి ఉంచితే ఉదయానికి మరక చెబుతుంది. ఏసీ నుంచి కారే నీటికి రంగు, వాసన ఉండవు. దానికి కంగారు అక్కర్లేదు. పచ్చగా, ఎర్రగా, తుప్పు రంగులో జిగటగా ఉంటే అది ఇంజిన్ నీరే.

* ముందుభాగంలో మరక: రేడియేటర్, దాని ప్లాస్టిక్ ట్యాంకు అతుకు, గొట్టాల క్లిప్పులు చూడాలి. కారి ఆరిన చోట తెల్లని లేదా పచ్చని పొడి కనిపిస్తుంది.

* బెల్టు ఉన్న వైపు మరక: వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. సీలు అరిగితే నీరు అక్కడి నుంచి కారుతుంది. ఆలస్యం చేస్తే బేరింగ్ విరిగి బెల్టు తెగుతుంది.

* ఇంజిన్ బ్లాకు పక్కన: గుండ్రని ఇనుప బిళ్లలు తుప్పుపట్టి చెమ్మగిల్లుతాయి.

* కారు లోపల, ముందు సీటు కాళ్ల దగ్గర తడి, తియ్యని వాసన: హీటర్‌కు వెళ్లే చిన్న రేడియేటర్ కారుతున్నట్టు.

* ఎక్కడా మరక లేకుండానే తగ్గితే: ఇది అన్నింటికంటే తీవ్రం. హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని నీరు సిలిండర్‌లోకి పోతుండవచ్చు. వేడెక్కాక కూడా ఆగని తెల్లని పొగ, ఆయిల్ మూతకు పాలమీగడ లాంటి నురగ, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై గొట్టం రాయిలా గట్టిపడటం, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు.. వీటిలో ఏది కనిపించినా ప్రయాణం మానుకోవాలి.

ఏదీ తేలకపోతే చేతి పంపుతో గాలి పట్టించి చేసే ప్రెషర్ పరీక్ష ఉంది. మూత మీద ముద్రించిన పీడనం దాకా గాలి నింపి పది నిమిషాలు ఆగితే కారే చోటు బయటపడుతుంది. పరీక్ష చేయకుండానే రేడియేటర్ మార్చాలనే మెకానిక్‌ను ఈ పరీక్ష గురించి అడగాలి.

పసుపు వద్దు

కారుతున్న రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేయడం డ్రైవర్లలో పాత అలవాటు. ఆ పొడి ఉబ్బి చిన్న రంధ్రాన్ని తాత్కాలికంగా మూస్తుంది. అదే పొడి సన్నని గొట్టాలనూ మూసేస్తుంది. నడిరోడ్డు మీద ఆపద్ధర్మంగా వాడినా, ఇల్లు చేరిన వెంటనే మొత్తం కడిగించాలి.

ఈ జాగ్రత్తలు పాటించండి

* వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకూడదు. మరిగే నీరు ముఖం మీదకు చిమ్ముతుంది. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి.

* ఉడికిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోయకూడదు. హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

* కూలెంట్‌ను బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. కొన్ని రకాలు ముందే కలిపి అమ్ముతారు, వాటిలో నీరు కలపరాదు. రెండు వేర్వేరు రకాలు కలిపి పోయకూడదు.

* సాధారణ పచ్చరంగు కూలెంట్‌ను రెండేళ్లకోసారి మార్చాలి. నింపాక లోపలి గాలి పూర్తిగా బయటకు పోయేలా చూడాలి. గాలి చిక్కుకుంటే ముల్లు మళ్లీ అబద్ధం చెబుతుంది.

* ఏ రోజు ఎన్ని నీళ్లు పోశారో చిన్న పుస్తకంలో రాసుకోవాలి. మెకానిక్‌కు ఆ లెక్క ఎంతో ఉపయోగం.

* తీసేసిన పాత కూలెంట్‌ను కాలువలో, రోడ్డు పక్కన పారబోయవద్దు. తియ్యగా ఉంటుందని పశువులు, కుక్కలు తాగుతాయి. అది విషం. మూత ఉన్న డబ్బాలో, పిల్లలకు అందకుండా ఉంచి వర్క్‌షాపుకు అప్పగించాలి.