బ్రిటనులోని ప్రాంతీయోచ్చారణములు - జనాభిరుచి

రేఫమును సరిగా పలుకజాలక, దాని స్థానమున లకారమును పలికి అసురులు పరాభవము నొందిరని పతంజలి మహాభాష్యారంభమున చెప్పియున్నాడు. ఉచ్చారణమునుబట్టి మనుష్యుని యోగ్యతను నిర్ణయించుట ఎంత ప్రాచీనమైన అలవాటో ఈ గాథవలన తెలియుచున్నది. అయితే ఆ నిర్ణయమునకు కారణము ధ్వనియా, లేక ఆ ధ్వనిని పలికినవారిని గూర్చి మనకు ముందే ఉన్న అభిప్రాయమా? ఈ ప్రశ్నను బ్రిటనులో అర్ధశతాబ్దికి పైగా ప్రయోగపూర్వకముగా పరీక్షించుచున్నారు. ఆ పరీక్షల ఫలితములను సంగ్రహముగా వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా మాండలికమునకును యాసకును గల భేదమును గుర్తింపవలెను. మాండలికమున పదములు, ప్రత్యయములు, వాక్యనిర్మాణము సైతము మారును. యాసయందు మారునది ఉచ్చారణము మాత్రమే. ఒకే ఆంగ్లవాక్యమును ఒక్క పదమైనను మార్చక పలు యాసలలో చదువవచ్చును. ఉత్తర ఇంగ్లండువారు 'కప్' అను పదమందలి అచ్చును 'పుట్' అను పదమందలి ఉకారమువలె పలుకుదురు. 'బాత్' అను పదమున దక్షిణాదివారు దీర్ఘమును, ఉత్తరాదివారు హ్రస్వమును పలుకుదురు. లండను శ్రామికజనుల నోట పదాది హకారము లోపించును. 'థింక్' అనునది 'ఫింక్' అగును. ఇట్టి భేదములను గ్రామగ్రామమునకు పోయి సేకరించిన మహాకార్యము లీడ్సు విశ్వవిద్యాలయమున హెరల్డ్ ఆర్టన్ నాయకత్వమున జరిగిన ఆంగ్ల మాండలిక పర్యవేక్షణము. 1950 నుండి 1961 వరకు 313 స్థలములలో ఈ పని సాగినది. దాదాపు ఆ కాలముననే మన దేశమున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటము 1962లో వెలువడుట పాఠకులకు విదితమే.

ఈ ప్రాంతీయరీతులకు పైన ఒక శిష్టోచ్చారణము నెలకొన్నది. దానిని 'రిసీవ్డ్ ప్రనన్సియేషన్' అందురు. డేనియల్ జోన్స్ 1917లో ప్రకటించిన ఉచ్చారణ నిఘంటువు దీనిని వర్ణించినది. ఇది ఒక ప్రాంతపు యాస కాదు. సంపన్నుల పిల్లలు చదువుకొను ఆవాస పాఠశాలలలో పెంపొందిన వర్గోచ్చారణము. 1922లో ఏర్పడిన బి.బి.సి. రేడియో దీనినే ఆదరించి, 1926లో ఉచ్చారణ నిర్ణయమునకై ఒక సలహాసంఘమును నియమించినది. 1941లో యార్కుషైరువాడైన విల్ఫ్రెడ్ పికిల్స్ తన ఉత్తరదేశపు యాసతో జాతీయ వార్తలను చదువగా శ్రోతలలో కొందరు ఆక్షేపించిరి. వార్తలు మారలేదు, మారినది అచ్చుల ఉచ్చారణము మాత్రమే. మన దేశమున ఆంగ్లబోధకులకు చిరకాలము ఆదర్శముగా చూపబడినదియు ఈ శిష్టోచ్చారణమే.

ఇక ప్రయోగముల సంగతి. వాలెస్ లాంబర్టు, ఆయన సహచరులు 1960లో కెనడాలోని మాంట్రియల్ నగరమున ఒక చక్కని పద్ధతిని కనిపెట్టిరి. రెండు రీతులును బాగుగా వచ్చిన ఒకే వ్యక్తిచేత ఒకే భాగమును రెండు విధములుగా చదివింతురు. వినువారు ఇద్దరు మనుష్యులు చదివిరని తలచి, ఒక్కొక్కరి తెలివి, నిజాయితీ, స్నేహశీలము ఎట్టివో అంచనా వేయుదురు. కంఠము ఒక్కటే కాబట్టి అంచనాలలోని భేదమునకు రీతిభేదమే కారణమగును. హోవర్డ్ గైల్స్ ఈ పద్ధతిని బ్రిటిషు యాసలకు అన్వయించి 1970లో ఫలితములను ప్రకటించెను. శిష్టోచ్చారణమునకు అగ్రస్థానము లభించినది. బర్మింగుహాము యాస అట్టడుగున ఉన్న వానిలో చేరినది.

2004లో బి.బి.సి. వారి పక్షమున జరిగిన సర్వేక్షణము ఇంతకంటె విపులమైనది. దానిని కూప్లాండు, బిషప్ అను పండితులు 2007లో విశ్లేషించిరి. 5,010 మంది 34 యాసలకు రెండు కొలతలతో విలువ కట్టిరి: ఒకటి గౌరవము, రెండవది ప్రియత్వము. ఈ రెండును ఒకటి కావని ఫలితములు తెల్పినవి. 'రాణిగారి ఇంగ్లీషు' అను పేరుగల రీతికి గౌరవమున అగ్రశ్రేణి దక్కినను ప్రియత్వమున అంతటి స్థానము దక్కలేదు. ప్రియత్వమున స్వీయమైన యాస, ప్రామాణికోచ్చారణము, దక్షిణ ఐర్లండు, స్కాట్లండు యాసలు ముందు నిలిచినవి. బర్మింగుహాము రెండింటను కడపటిదయ్యెను. ఇచట విశేషముగా గమనింపవలసిన దొకటి కలదు. ఈ సర్వేక్షణమున ఎవరికిని ఏ కంఠమును వినిపింపలేదు. యాసల పేర్లు మాత్రమే ఇచ్చిరి. అనగా 'బర్మింగుహాము' అను పేరు చదివినంతనే జనులు తీర్పు చెప్పిరి. 2022లో ప్రకటితమైన మరియొక పరిశోధనమున 38 యాసల పేర్లను పరీక్షింపగా ఈ తారతమ్యక్రమము చాలవరకు మారలేదని తేలినది.

ధ్వనియందే మాధుర్యకాఠిన్యములు ఉన్నవని వాదించువారికి రేఫమే సమాధానము. లండను ప్రాంతమున అచ్చు పరము కానిచోట రేఫము క్షీణించుటను 1791 నాటికే జాన్ వాకర్ తన నిఘంటువున గుర్తించెను. క్రమముగా ఆ లోపమే శిష్టలక్షణమైనది. రేఫమును నిలుపుకొన్న నైరుతి మండలములవారి పలుకు పల్లెటూరివారి పలుకుగా ఎంచబడినది. స్కాట్లండున అదే రేఫము స్పష్టముగా పలుకబడుచున్నను దానిని మోటుతనమని ఎవరును అనరు. అట్లాంటిక్ దాటినచో క్రమము తలక్రిందులగును. న్యూయార్కు నగరమున రేఫమును పలుకుటయే ఉన్నతవర్గ లక్షణమని విలియం లబోవ్ 1966లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. అదే నగరమున రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము రేఫలోపమే గౌరవచిహ్నముగా ఉండినది. ఒకే ధ్వని ఒకచోట గౌరవము, ఒకచోట గ్రామ్యము, వేరొకచోట ప్రియము కాగలిగినప్పుడు ఆ గుణములు ధ్వనిలో ఉన్నవని చెప్పుట ఎట్లు?

ఈ విషయమునే గైల్స్ ప్రభృతులు గ్రీకుభాషతో పరీక్షించిరి. గ్రీసుదేశమున ఏథెన్సు రీతి గౌరవనీయము, క్రీటు ద్వీపపు రీతి తక్కువది. గ్రీకు ఏమాత్రము తెలియని బ్రిటిషు విద్యార్థులకు రెండింటిని వినిపింపగా వారికి తారతమ్యమే తోపలేదు. పలుకువారిని గూర్చిన జ్ఞానము లేనిచోట రుచిభేదము లేదు. కావున నైరుతి యాస వినగానే పట్టణవాసికి పచ్చిక బయళ్లును సెలవుదినములును స్ఫురించుట, బర్మింగుహాము యాస వినగానే కార్ఖానాలును పొగగొట్టములును స్ఫురించుట అభిరుచికి మూలమని పీటర్ ట్రడ్జిల్, గైల్స్ సమర్థించిరి. స్కాట్లండు యాసకు ప్రత్యేక న్యాయవ్యవస్థయు ప్రాచీన విశ్వవిద్యాలయములును గల జాతి అండగా ఉన్నది. బర్మింగుహామునకు అట్టి అండ లేదు.

ఇది వినోదమాత్రమైన విషయము కాదు. మరణశిక్షకు ప్రతికూలమైన ఒకే ఉపన్యాసమును గైల్స్ నాలుగు రీతులలో విద్యార్థులకు వినిపించెను. శిష్టోచ్చారణముతో పలికిన వాదము ఉత్తమమైనదని వారు చెప్పిరి. కాని వారి అభిప్రాయమును ఎక్కువగా మార్చినవి ప్రాంతీయ యాసలే. 2002లో ప్రకటితమైన వేరొక ప్రయోగమున, నేరారోపితుడు బర్మింగుహాము యాసతో మాటాడినప్పుడు అతడు దోషియని వినువారు ఎక్కువగా తలచిరి. చెప్పిన మాటలు రెండు రీతులందును ఒక్కటే. అభిరుచి అని మనము తేలికగా అనుకొనునది న్యాయస్థానమునకు పోయినచో ఏమగునో దీనివలన ఊహింపవచ్చును.

మన భాషావిషయమున ఇట్టి పరీక్షలకు చాల అవకాశము కలదు. కృష్ణా-గుంటూరు మండలముల పలుకు మధురమనియు, తెలంగాణపు యాస మోటుదనియు చెప్పుట చిరకాలము వాడుకలో ఉండినది; చలనచిత్రములలో ఆ యాస చాలకాలము హాస్యపాత్రలకును ప్రతినాయకులకును కేటాయింపబడినది. ఈ తీర్పులు ధ్వనిశాస్త్రమునకు సంబంధించినవి కావని బ్రిటిషు పరిశోధనములు హెచ్చరించుచున్నవి. కావున మాండలికములను సేకరించు విద్యార్థి తన పుస్తకమున 'కర్కశము', 'శ్రావ్యము' అను మాటలను ధ్వనివర్ణనములో చేర్చరాదు. వానిని వేరుగ వ్రాసి, అట్లు అన్నవారు ఏ ఊరివారో, ఏ వృత్తివారో కూడ వ్రాయవలెను. ఆ అభిప్రాయమును సామాజికచరిత్రకు సాక్ష్యముగా గ్రహింపవలెను. అట్లే ఒక బాలుని పలుకు తన చెవికి మోటుగా తోచినప్పుడు ఉపాధ్యాయుడు మార్కులు వేయుటకు ముందు, ఆ మోటుతనము బాలుని నాలుకమీద ఉన్నదా, తన చెవిలో ఉన్నదా అని ఒక్క క్షణము విచారించుట అవసరము.