రేవుకు ఇచ్చిన మాట

సామ్రాజ్యాల కథను మనం ఎప్పుడూ రాజధానుల నుంచే చెప్పుకుంటాం. 1323లో ఓరుగల్లు పడింది, 1565లో హంపి తగలబడింది, 1258లో బాగ్దాద్ నేలమట్టమైంది అని తారీఖులు వేసుకుని పుస్తకం మూసేస్తాం. అదే కథ తడ వైపు నుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. తడ ఎన్నడూ ఎవరి రాజధానీ కాదు. ఆంధ్ర సరిహద్దు ముగిసేచోట, ప్రళయకావేరి అని ఇక్కడివాళ్లు పిలుచుకునే పులికాట్ సరస్సు దగ్గర ఉన్న ఊరు. సరస్సుకు దక్షిణపు కొసన పళవేర్కాడు రేవు, ఉత్తరాన దుగరాజపట్నం. చోళులు, నెల్లూరి తెలుగు చోడులు, కాకతీయులు, పాండ్యులు, విజయనగరం, గోల్కొండ, అందరూ ఈ తీరం మీదుగా వచ్చి వెళ్లినవాళ్లే. ఈ వరస చూస్తే నాకు తోచేది ఒకటి. మధ్యయుగపు పెద్ద రాజ్యాలు కత్తితో పుట్టి ఉండవచ్చు, కానీ నిలబడింది మాత్రం దూరాన ఉన్న వర్తకుడికి, ఊరి పెద్దకు ఇచ్చిన అభయం మీద. అవి నిజంగా పోయింది యుద్ధంలో ఓడిన రోజున కాదు. ఆ అభయం కోసం జనం మరో గడప తొక్కిన రోజున.

ఈ మాటకు మన దగ్గర రాతిమీద రాసిన సాక్ష్యం ఉంది. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా, బంగారం, ఏనుగులు, గుర్రాలతో సహా, పాత రాజులు లాగేసుకునేవారని, తాను మాత్రం ఏర్పాటైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని అందులో ఒప్పుకున్నాడు. ఆ సుంకం ఎగుమతి దిగుమతులపై 30వ వంతు. పగిలిన ఓడ రాజుది అనుకునే కాలంలో ఇది చిన్న సంగతి కాదు. చేతికి అందిన సొమ్మును వదులుకుంటానని రాజు తనంతట తాను రాయించి ఇవ్వడం! దయ ఎంత, లెక్క ఎంత అన్నది వేరే చర్చ. ఫలితం మాత్రం స్పష్టం. ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ సీమలో నేసే సన్నని బట్టనూ, ఏలుతున్న రాణి న్యాయాన్నీ మెచ్చుకుంటూ రాశాడు. కాకతీయులు పోయాక 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ హామీ ఇస్తూ శాసనం వేయించాడు. రాజవంశం మారింది, రేవుకు కావలసిన మాట మారలేదు.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ ఒకటుంది: 1565 నాటి రక్కసితంగడి యుద్ధం సంగతేమిటి, విజయనగరం ఒక్క పూటలో కూలలేదా అని. రాజధాని కూలిన మాట నిజమే. కానీ ఆ తర్వాత కూడా రాజ్యం పెనుకొండ, చంద్రగిరి, వేలూరుల నుంచి నడిచింది. వేంకటపతిరాయలు 1586 నుంచి 1614 దాకా ఏలాడు. డచ్చివాళ్లు పళవేర్కాడులో దిగడానికి అనుమతి అడిగింది ఆయన్నే, మరొకరిని కాదు. ఓడిపోయిందనుకున్న రాజ్యం దగ్గర, ఓడిన అర్ధశతాబ్దానికి, సముద్రాలు దాటివచ్చిన కంపెనీ చేతులు కట్టుకుని నిలబడిందంటే ఆ రాజముద్రకు ఇంకా విలువ ఉన్నట్టేగా. వాళ్ల గెల్డ్రియా కోట 1613లో లేచింది. మరుసటి ఏడాది రాయలు పోయాడు. వారసత్వ పోరులో గొబ్బూరి జగ్గరాయుడు రాజకుటుంబాన్ని చంపించాడు. ప్రాణాలతో దక్కిన చిన్నవాడు రామదేవరాయల పక్షాన వెలుగోటి యాచమనాయుడు పోరాడి తోపూరు దగ్గర గెలిచాడు. సింహాసనం నిలిచింది గానీ ఎవరి మాట చెల్లుతుందన్న నమ్మకం నిలవలేదు.

ఆ తర్వాతి కథ తడకు చాలా దగ్గరగా జరిగింది. 1626లో ఇంగ్లీషువాళ్లు దుగరాజపట్నంలో, వాళ్ల నోట ఆర్మగాన్, వర్తకపు కొట్టు పెట్టుకున్నారు. 1639లో వాళ్లకు మద్రాసు చోటు ఇచ్చింది దామెర్ల వేంకటాద్రినాయకుడు. కోట కట్టుకోవచ్చు, రేవు సుంకంలో సగం అనుభవించవచ్చు అని పట్టా. ఆయన విజయనగర రాజు కొలువులోని దొరే, తిరుగుబాటుదారు కాడు. అయినా బేరం తానే కుదుర్చుకున్నాడు. రాజు శ్రీరంగరాయల ఖరారు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది ఆరేళ్ల తర్వాత, 1645లో. ముందు స్థానిక దొర, తర్వాత రాజు. ఆ వరస తిరగబడడమే నా దృష్టిలో విజయనగరపు ముగింపు. మీర్ జుమ్లా ఆధ్వర్యంలో గోల్కొండ సేనలు వచ్చేసరికి వాళ్లు గెలవవలసినది పెద్దగా మిగల్లేదు.

ఇది ఒక్క మన తీరం విషయమే అయితే స్థానిక విశేషం అని వదిలేయవచ్చు. కానీ వేరే చోట్లా ఇదే కనిపిస్తుంది. కాన్‌స్టాంటినోపుల్ 1453లో తురుష్కులకు చిక్కింది. అంతకు వందేళ్ల ముందే, నగరానికి ఎదుటి ఒడ్డున గలాటాలో కూర్చున్న జెనోవా వర్తకులు ఏటా 2 లక్షల బంగారు నాణేల సుంకం వసూలు చేస్తుంటే చక్రవర్తికి దక్కింది 30 వేలేనని అప్పటి చరిత్రకారుడు గ్రెగోరాస్ లెక్క రాశాడు. 1261లో ఆ వర్తకులకు సుంకం లేకుండా వ్యాపారం చేసుకొమ్మని రాసిచ్చిందీ చక్రవర్తే. బాగ్దాద్‌ను మంగోలులు ఒక్క దెబ్బతో పడగొట్టారంటారు. అప్పటికి రాష్ట్రాలు ఖలీఫా చేయి జారి మూడు శతాబ్దాలు దాటింది. మూసా రాజు 1324లో బంగారంతో కైరోను ముంచెత్తిన మాలీ రాజ్యమూ అంతే. 1433లో ఎడారి తెగలైన తువారెగ్‌లు టింబక్టును పట్టుకున్నారు. ఎడారి బాట మొనలో ఉన్న ఊరు ముందు పోయింది, నడిబొడ్డు చాలాకాలం మిగిలింది.

ఇంకో వాదం దీనికంటే గట్టిది. బలం ఉన్న రాజే అభయం ఇవ్వగలడు, బలం పోతే అభయం పోతుంది, కనుక నువ్వు చెప్పేది కారణం కాదు, లక్షణం మాత్రమే అని. ఇందులో సగం ఒప్పుకోవలసిందే. మిగతా సగానికి జవాబు కృష్ణదేవరాయలే ఆముక్తమాల్యదలో ఇచ్చాడు. రేవులను బాగుచేయాలి, గాలికి కొట్టుకొచ్చిన పరదేశులను ఆదరించాలి, ఏనుగులు, మేలుజాతి గుర్రాలు తెచ్చే వర్తకులు శత్రువు వైపు పోకుండా దగ్గర చేసుకోవాలి అని రాజనీతి చెప్పాడు. గుర్రం సముద్రం మీద వచ్చేది, సైన్యం గుర్రం మీద నిలిచేది. వర్తకుడికి ఇచ్చిన మాటే తిరిగి బలంగా మారేది. అనపోతారెడ్డి ఏలుబడి కాకతీయుల రాజ్యంలో ఒక ముక్క. ఆ కొద్దిపాటి బలంతోనూ హామీ ఇవ్వగలిగాడు కదా. బలం ఎంత అన్నదానికంటే దాన్ని వాడకుండా ఆపుకునే క్రమం ఉందా లేదా అన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఇదంతా రాజుల, షావుకార్ల గొడవ, రైతుకూ నేతగాడికీ ఏం పోయింది అనేవారూ ఉంటారు. రాజ్యం గట్టిగా ఉన్నన్నాళ్లూ పేదవాడు సుఖపడ్డాడని నేనూ అనను. పన్నుల భారం మోసింది వాళ్లే. కానీ పళవేర్కాడు రేవు నుంచి డచ్చివాళ్లు బట్టలతో పాటు మనుషుల్నీ ఎక్కించుకుపోయారు. కరువుకు తాళలేక అమ్ముడుపోయిన వాళ్లనూ, యుద్ధాల్లో చిక్కినవాళ్లనూ వేలమందిని బటేవియాకు బానిసలుగా తరలించారు. ఆ ఎగుమతి బాగా పెరిగిన సంవత్సరాలు చూడండి: 1620ల తొలినాళ్లు, మళ్లీ 1640ల నడిమి కాలం. మొదటిది వారసత్వ యుద్ధపు వెనకటి కరువు రోజులు. రెండోది గోల్కొండ సేనలు ఈ తీరాన్ని తొక్కుతున్న రోజులు.