తాపీ తీరాన తాపీగా రెండు రోజులు

ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసే మనబోటి వారికి బదిలీ అన్నది ఋతువు మారినంత సహజం. అయినప్పటికీ ఈ డిసెంబరులో ఉత్తర్వులు చేతికి అందినప్పుడు, ఒకే షిఫ్టులో సహచరులమైన మా ఇద్దరికీ మనసు కలుక్కుమన్నది. సూరత్‌కు వచ్చి ఆరేళ్ళయింది. కాలనీ నుంచి హజీరాకు, హజీరా నుంచి కాలనీకి బస్సులో తిరగడమే తప్ప ఈ ఊరిని మేము చూసినదెక్కడ? సామాను సర్దుకునే లోగా ఒక శని, ఆదివారాలను ఊరి కోసమే కేటాయించాలని నిశ్చయించుకున్నాము.

శనివారం తెల్లవారక ముందే డుమస్ రోడ్డు పక్కనున్న గవియర్ చెరువుకు చేరుకున్నాము. నేచర్ క్లబ్ సూరత్ సభ్యులు శ్రద్ధగా సంరక్షిస్తున్న ఈ చెరువు శీతకాలంలో పక్షులకు విడిది. మా వద్ద ఒకే ఒక దుర్భిణి, 1941లో తొలిసారి వెలువడి నేటికీ పక్షి ప్రియులకు దారి చూపుతున్న సలీం అలీ గ్రంథం ఉన్నాయి. 1930ల తొలినాళ్ళలో నిజాం రాష్ట్రపు పక్షులను సర్వే చేసిన శాస్త్రవేత్త ఆయనే గనుక మన తెలుగు నేలకూ ఆయనతో బంధుత్వమున్నది. మంచు విచ్చుకునేసరికి ఎర్రని ముక్కు, ఊదానీలి ఈకలు గల నీటికోళ్ళు తుంగలోంచి బయటకు వచ్చాయి. పొడుగాటి కాలివేళ్ళతో జకానా పక్షి నీటి ఆకులపై నడిచిపోతుంటే, సన్నని తోక గల సూదితోక బాతులు నడిచెరువులో గుంపుగా తేలుతున్నాయి. అవి హిమాలయాలకు ఆవలి చలిదేశాల నుంచి వచ్చిన అతిథులు. నేలపట్టులో గూడబాతులను చూసిన కన్నులకు ఇవి కొత్త చుట్టాలు.

మధ్యాహ్నం తాపీ నది దాటి ఉత్తరపు ఒడ్డున ఉన్న రాందేర్ చేరాము. నేడు ఇది సూరత్ నగరంలో కలిసిపోయినా, ఒకప్పుడు స్వతంత్రంగా వెలిగిన రేవుపట్నం. 1530లో పోర్చుగీసు వారు దీనిపై దాడి చేశారు. తరువాతి కాలంలో ఇక్కడి వర్తకులు రంగూనులో వ్యాపారాలు నెలకొల్పారు. ఆ సంపాదనతో, బర్మా టేకుతో కట్టుకున్న పాత ఇళ్ళు ఇరుకు సందుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కొబ్బరిపాల కూరలో సేమ్యాల వంటి నూడుల్స్ వేసి పెట్టే బర్మా వంటకాన్ని ఇక్కడ ఖావ్‌సా అంటారు. ఆ రుచి చూస్తూ మా మిత్రుడు తన తాతగారిని తలచుకున్నారు. మన కోస్తా జిల్లాల నుంచి కూడా వేలాది మంది కూలీలుగా, గుమస్తాలుగా రంగూను వెళ్ళినవారే. 1942లో జపాను సేనలు వచ్చిపడినప్పుడు ఇటు రాందేర్ వారు, అటు మనవారు ఉన్నదంతా వదలి తిరుగుముఖం పట్టారు. ఆ తాతగారి నోట బర్మా ముచ్చట్లు వింటూ పెరిగిన మనిషికి, వాటి జాడ తాపీ ఒడ్డున ఎదురుపడింది.

సాయంత్రం లింబాయత్ వీధుల్లో నడుస్తూ ఉంటే పవర్‌లూముల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపించాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు అవి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతున్నది.

ఆదివారం ఉదయం రాందేర్, సింగణపూర్ ఒడ్డులను కలిపే కాజ్‌వే మీద నిలబడ్డాము. గోధుమరంగు తల గల్ పక్షులు నీటిపై వందల సంఖ్యలో తిరుగుతున్నాయి. లడఖ్, టిబెట్ సరస్సుల వద్ద గూడు కట్టే ఈ పక్షులకు శీతకాలంలో తల తెల్లబడి, చెవి వెనుక ఒక నల్లని మచ్చ మాత్రమే మిగులుతుంది. జనం సరదాగా గాంఠియాలు విసురుతున్నారు. ఉప్పు, నూనె నిండిన శనగపిండి చిరుతిండి చేపలు తినే పక్షికి తగిన ఆహారం కాదు. వాటిని కేవలం చూసి ఆనందించడమే అతిథి మర్యాద.

ఇక అసలు పరీక్ష కాలనీలో మాకై వేచి ఉన్నది. మా మిత్రుడు చిన్ననాట గోదావరి కాలువగట్ల మీద సైకిలు తొక్కి హైస్కూలుకు వెళ్ళిన మనిషి. నాలుగేళ్ళ క్రితం వెన్నునొప్పి వచ్చి సైకిలు మానవలసి వచ్చింది. నాటి నుంచి ఆ మాట ఎత్తితేనే ముఖం తిప్పుకునేవారు. కాలనీలోని ఒక యువ ఇంజనీరు వద్ద రికంబెంట్ సైకిలు ఉన్నది. దానిపై వెనక్కు వాలి కూర్చుంటాము. పెడల్సు పాదాల కింద కాక ముందువైపు ఉంటాయి. శరీర భారం చిన్న సీటుపై కాక నడుము, వీపు అంతటా పరచుకుంటుంది. వాలి ఉండటం వల్ల ఎదురుగాలి కూడా తక్కువే. 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ ఇటువంటి సైకిలుపై గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి రికార్డు సాధించగా, మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య దీనిని మామూలు పందేల నుంచి వెలివేసింది.

వైద్యుని ముందుగానే అడిగి అనుమతి పొందినా, మా మిత్రుడు చాలాసేపు తటపటాయించారు.

"సార్, పడకకుర్చీ అనుకోండి. నేను పట్టుకుంటాను" అన్నాడు ఇంజనీరు.

మొదటి రెండుసార్లు సైకిలు పక్కకు ఒరిగింది. బయలుదేరేటప్పుడు తూకం నిలుపుకోవడమే దీనిలోని కష్టం. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కే వీలూ లేదు. నేలకు దగ్గరగా ఉన్నందున లారీ డ్రైవర్లకు కనబడేలా వెనుక పొడుగాటి కర్రకు జెండా కట్టాలి. మూడవసారి ఇంజనీరు చేయి వదిలాడు. సైకిలు కాలనీ చివరి వేపచెట్టు దాకా సాగి, మెల్లగా మలుపు తిరిగి వచ్చింది. దిగిన మా మిత్రుడు కాసేపు మాట్లాడలేదు.

"నడుము నొప్పి గుర్తే రాలేదండీ. పైన కొంగల బారు పోతున్నది, చూశారా?" అన్నారు చివరకు.

అంతసేపూ సైకిలు చక్రాన్నే చూస్తున్న మేము ఆకాశాన్ని చూడనే లేదు.

గల్ పక్షులు, రాందేర్ వర్తకులు, నేత కుటుంబాలు, మనము, అందరమూ వలస వచ్చినవారమే. ఏటా వచ్చే పక్షికి తన విడిది క్షుణ్ణంగా తెలుసు. ఆరేళ్ళు ఉన్న మాకు రెండు రోజుల పరిచయమే దక్కింది. సహోద్యోగులకు మా విన్నపం ఒక్కటే. మీరున్న ఊరిని చూడటానికి బదిలీ ఉత్తర్వులు వచ్చేదాకా ఆగవద్దు.