కుర్చీయు, దీపమును

ప్రతిదినము మనకు సేవచేయుచుండియు మన గమనమునకు రాని వస్తువులు రెండు మన యిండ్లలో గలవు. ఒకటి కుర్చీ, రెండవది దీపము. “పీట” యన్నది సంస్కృత “పీఠ” శబ్దమునుండి వచ్చిన మాట. “కుర్చీ” యను మాట అరబ్బీనుండి ఫారసీ మీదుగా మన భాషకు వచ్చి, మన యింట పీట ప్రక్కనే స్థిరపడినది. మాటకువలెనే వస్తువునకును చరిత్ర గలదు. ఎవరో యొకరు ఒక యిబ్బందిని చూచి, దాని కారణమును వెదకి, కొన్నిమారులు విఫలులై, కడకు సాధించినదే నేడు మనకు సామాన్యముగా తోచు సౌకర్యము. అట్టి యుదాహరణములు రెండు చూతము.

మైకేల్ థోనెట్ అను వడ్రంగి 1796లో జర్మనీ దేశమున, రైన్ నది యొడ్డున గల బొప్పార్డ్ పట్టణమున జన్మించెను. వంపుగల కుర్చీ కావలెనన్న ఆ కాలమున దళసరి కొయ్యను వంపుగా చెక్కుచుండిరి. అందువలన కొయ్య వృథాయగుటయే గాక, వంపు కడ నారలు తెగి ఆ చోటు బలహీనమగుచుండెను. థోనెట్ మొదట పలుచని చెక్కపొరలను జిగురుతో నంటించి వంచెను. అవి చూపునకు సొంపుగా నుండెను గాని, తేమగల దేశములకు పంపగా జిగురు పట్టు వదలి పొరలు విడిపోవుచుండెను. అంతట నతడు జిగురుతో పనిలేకుండ గట్టి కొయ్యనే వంచు మార్గమును వెదకెను.

విద్యార్థులారా! మీ రబ్బరు ముక్క ప్రక్కన సమదూరముగా గీతలు గీసి, దానిని వంచి చూడుడు. వెలుపలి వైపున గీతలు దూరమగును. లోపలి వైపున దగ్గరపడును. కొయ్యను వంచినను ఇట్లే జరుగును. ఆవిరిలో నుంచిన కొయ్య మెత్తబడి నొక్కుడునకు బాగుగా లోబడును. సాగుటకు మాత్రము అంతగా లోబడదు. అందుచేత వెలుపలి వైపు పగులును. థోనెట్ ఆ వైపున ఒక లోహపు పట్టీని బిగించి, పట్టీతో కూడ కొయ్యను వంచెను. పట్టీ సాగదు గనుక దాని నంటియున్న నారలును సాగవు. వంపంతయు లోపలివైపు నొక్కుకొనుటచేతనే యేర్పడును, కొయ్య పగులదు. పిమ్మట దానిని ఇనుప అచ్చులో బిగించి యారబెట్టినచో ఆ వంపు శాశ్వతముగా నిలుచును.

ఈ విధమున 1859లో వెలువడినదే సుప్రసిద్ధమైన 14వ నంబరు కుర్చీ. దానికి కావలసినవి 6 కొయ్యభాగములు, 10 మరమేకులు, 2 నట్లు మాత్రమే. కూర్చుండు చోటు పేముతో నల్లినది. విడదీసిన కుర్చీలు 36, ఒక ఘనమీటరు పెట్టెలో నిముడును. చేరిన చోట వానిని బిగించుకొనవచ్చును. ఈ కారణములచేత వెల తగ్గి, వంపుసొంపుల కుర్చీ ధనికుల మేడలనుండి సామాన్యుల కాఫీశాలలకు వచ్చెను. 1930 నాటికి సుమారు 5 కోట్ల కుర్చీలు అమ్ముడుపోయినవని లెక్క.

ఇక దీపము సంగతి. పౌల్ హెన్నింగ్సెన్ 1894లో డెన్మార్కు దేశమున, కోపెన్‌హాగెన్ నగర సమీపమున జన్మించెను. బాల్యమున అతడెరిగిన వెలుగు కిరసనాయిలు దీపముల మెత్తని వెలుగు. తరువాత విద్యుద్దీపములు వచ్చినవి. కాంతి పెరిగెను గాని, బల్బు సూటిగా కంటబడి చూపును మిరుమిట్లు గొలుపుచుండెను. దీపమెంత పెద్దదైనను, కన్ను చెదరిన పిమ్మట ఎదుటనున్న వస్తువు కానరాదు గదా! కాంతిని పెంచుటకంటె, దానిని సరియైన త్రోవను పంపుటయే ముఖ్యమని యతడు గ్రహించెను.

1926 నాటికి అతడు సిద్ధపరచిన దీపమునకు ఒకదానిక్రింద నొకటిగా మూడు గొడుగులు గలవు. ఇంటిలో కూర్చున్నవారికి గాని నిలిచినవారికి గాని బల్బు కనబడదు. దాని కాంతి గొడుగులపై బడి, చెదరి, మెత్తనై బల్లమీదికి దిగును. ఆ గొడుగుల వంపు గణితశాస్త్రమున లాగరిథమిక్ సర్పిలమను రేఖననుసరించి యున్నది. కేంద్రమునుండి బయలుదేరు ప్రతి కిరణమును ఆ రేఖను ఒకే కోణముతో తాకును. అందుచే వెలుగు గొడుగంతటను క్రమముగా పరచుకొనును. బడిలో నేర్చిన రేఖాగణితము దీపమునకు రూపమిచ్చిన విధమిది.

తల్లిదండ్రులకు ఒక మనవి. రాత్రివేళ బిడ్డ పుస్తకము ముందు కూర్చుండి మాటిమాటికి కన్నులు నులుముకొనుచు, మెడ విరుచుకొనుచున్నచో, చదువుపై శ్రద్ధ లేదని తొందరపడి దండింపరాదు. ముందుగా దీపమెచ్చట నున్నదో, కుర్చీ యెంత యెత్తున్నదో చూడవలెను. దీపము క్రింద చీకటి యన్న సామెత మన చదువు బల్ల విషయమున నిజము కారాదు. బల్బు బిడ్డ కంటికి సూటిగా కనబడకుండ గొడుగు నమర్చవలెను. నేటి ఎల్.ఇ.డి. దీపములలో చిన్నచోటనుండియే గొప్ప కాంతి వచ్చును గనుక ఈ జాగ్రత్త మరింత యవసరము. కుడిచేత వ్రాయువారికి దీపము ఎడమవైపున, ఎడమచేత వ్రాయువారికి కుడివైపున నుంచినచో చేతి నీడ కాగితముపై పడదు. గోడకు తెల్లని సున్నము వేసినచో అదియు వెలుగును తిరిగి పంపును. కుర్చీ యెత్తై బిడ్డ పాదములు వ్రేలాడుచున్నచో, క్రొత్త కుర్చీ కొననక్కరలేదు. వంటయింటిలోని పాతపీటను తెచ్చి పాదముల క్రింద నుంచిన చాలును.

థోనెట్ గాని, హెన్నింగ్సెన్ గాని అలంకారముతో పని మొదలిడలేదు. విరుగు చోటును, మిరుమిట్లు గొలుపు వెలుగును చూచి మొదలిడిరి. విద్యార్థులారా! నేటి రాత్రి చదువునకు కూర్చుండుటకు ముందు మీ కుర్చీని, మీ దీపమును ఒకమారు పరిశీలింపుడు. ఏది యిబ్బందిగా నున్నదో, యేల యట్లున్నదో నోటుపుస్తకమున వ్రాసికొని, దానిని మీ చేతనైనంత సవరింప యత్నింపుడు.